ఓనా ప్రాట్ పాటలో చివరి చరణం

యాక్రన్, ఒహాయో
1953 అక్టోబరు 4

ప్రియమైన అక్కకు,

క్రిస్మస్‌కి తప్ప ఉత్తరం రాయని దాన్ని అక్టోబరులోనే రాస్తున్నానంటే ఎవరో పోయారనుకుంటావు. ఎవరూ పోలేదు. మనమిద్దరమే పోయామట. అది కూడా "బహుశా" అని రాశారు.

మొన్న గురువారం టైర్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో నా పని రెండింటికే అయిపోయింది. బయట వాన. బస్సుకి ఇంకా నలభై నిమిషాలుంది. తడవడం ఎందుకని ఎదురుగా ఉన్న లైబ్రరీలోకి వెళ్ళాను. అక్కడ ప్రతి గురువారం ఒక గదిలో పదిపన్నెండు మంది కూర్చుని గ్రామఫోన్ వింటారట. కుర్చీ ఖాళీగా ఉంది కదా అని నేనూ కూర్చున్నాను. న్యూయార్క్‌లో క్రెస్ అనే ఆయన, పాతికేళ్ళ కిందటి రికార్డులు ఎనభై దాకా ఏరి, ఈ కొత్త రకం పెద్ద రికార్డుల మీదికి ఎక్కించి, అన్నీ ఒక పెట్టెలో పెట్టి అమ్ముతున్నాడు. కొండల్లో వాళ్ళ పాటలు, పత్తి చేలల్లో వాళ్ళ పాటలు, ఫిడేళ్ళు, చర్చి పాటలు. లైబ్రరీ ఆవిడ పేరు మిస్ ఎల్స్‌వర్త్. "ఇప్పుడు కెంటకీ కొండల నుంచి రెండు అజ్ఞాత స్వరాలు" అని చెప్పి సూది పెట్టింది.

మొదటి మాటకే తెలిసిపోయింది. అక్కా, అది నువ్వు. రెండో చరణంలో ఊపిరి చాలక నేనొక అక్షరం మింగేస్తాను చూడు, అది కూడా అలాగే ఉంది.

"అది నేనే!" అన్నాను పైకి.

"పాట అయ్యేదాకా కాస్త నిశ్శబ్దంగా ఉండండి" అంది మిస్ ఎల్స్‌వర్త్.

ఉన్నాను. నా గొంతు వినడానికి నేను నోరు మూసుకున్నాను.

పెట్టెతో పాటు ఒక పుస్తకం ఇస్తారు. అందులో మన గురించి ఉన్నది ఉన్నట్టు దింపి రాస్తున్నాను. "నేపియర్ సిస్టర్స్. వీరి గురించి ఏమీ తెలియదు. బహుశా ఇప్పుడు జీవించి లేరు. ఈ పాటలో చెప్పిన హత్య నిజంగా జరిగినట్టు ఆధారం లేదు. ఏదో పాత స్కాట్లండ్ గాథ కొండల్లోకి వచ్చి ఈ రూపం తీసుకుని ఉంటుంది. హంతకుడి పేరు గేహార్ట్ అంటే ఉల్లాస హృదయుడని అర్థం కనుక, అది ఒక మనిషి పేరు కాక, నిలకడలేని ప్రేమికుడికి ప్రతీక కావచ్చు."

పాట అయ్యాక ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. నేను బస్సు వదులుకున్నాను. ఇంటిదాకా వానలో నడిచినా తడిసినట్టే అనిపించలేదు. బావని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు
వెర్డీ

*

బార్లో ఫోర్క్, కెంటకీ
అక్టోబరు 12

వెర్డీ,

ఉత్తరం అందింది. మీ బావ హోబర్ట్ దగ్గు అలాగే ఉంది. గనిలో వారానికి మూడు రోజులే పని. ఆపిల్ ముక్కలు ఎండబెట్టడం అయిపోయింది. పంది బాగా ఒళ్ళు చేసింది, చలి ముదరగానే కోస్తాం.

మన రికార్డు ఇంట్లో లేదు. 1934లో హోబర్ట్ దాని మీద కూర్చున్నాడు. కూర్చోమని నేను చెప్పలేదు. లెమ్మని కూడా చెప్పలేదు.

నువ్వు రాసిన ఆ ప్రతీక నిన్న మధ్యాహ్నం మా గుమ్మం ముందు నుంచే మిల్లుకి పోయింది, కంచరగాడిద మీద రెండు మొక్కజొన్న బస్తాలు వేసుకుని. దానికి యాభై దాటాయి. కుడి చెవి వినపడదు. పెళ్ళి కాలేదు. తేనెటీగల్ని పెంచుకుంటూ ఫోర్క్ వాగు పై భాగంలో ఒక్కడే ఉంటాడు. చర్చిలో తలుపు పక్క బల్ల మీద కూర్చుంటాడు. ఆరుగురు పట్టే బల్ల అది. ఇన్నేళ్ళలో అతని పక్కన ఎవరైనా కూర్చోవడం నేను చూడలేదు.

ఆ న్యూయార్క్ ఆయన మనం పోయామనుకుంటే అనుకోనీ. మనకొచ్చిన నష్టం లేదు. ఆయనకి ఉత్తరం రాయకు.

ఓర్లీనా

*

యాక్రన్
అక్టోబరు 29

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం వచ్చేసరికే రాసేశాను. లైబ్రరీకి వెళ్ళిన రోజే పోస్టులో వేశాను.

క్రెస్ గారు ఏడు పేజీల జవాబు రాశారు. మనం బతికే ఉన్నందుకు చాలా సంతోషించారు. ఇంతమంది పాతవాళ్ళ కోసం వెతికితే ఇప్పటిదాకా దొరికిన వాళ్ళంతా స్మశానాల్లోనే దొరికారట. రికార్డు ఎక్కడ చేశారు, గదిలో ఎవరున్నారు, బాంజో శ్రుతి ఎలా పెట్టారు, అన్నీ అడిగారు. ఆష్‌లాండ్‌లో హోటల్ మూడో అంతస్తనీ, చప్పుడు బయటికి పోకుండా గోడలకు బొంతలు వేలాడదీశారనీ, ఆ కంపెనీ ఆయన చేతిలో గడియారం పట్టుకుని మూడు నిమిషాల్లో ముగించమన్నాడనీ రాశాను. నీ ఫొటో అడిగారు, నా దగ్గర లేదు.

పాట నిజమేనా అని కూడా అడిగారు. నిజమేనని రాశాను. ఓనా ప్రాట్ మన ఫోర్క్ మనిషేననీ, 1927 మార్చి వరదలో తాళ్ళ వంతెన దగ్గర పోయిందనీ, టాల్బర్ట్ గేహార్ట్ ప్రతీక కాదనీ, చిన్నప్పట్నుంచీ అతన్ని ఉల్లాసంగా మాత్రం ఎవరూ చూడలేదనీ రాశాను. ఇంకా అక్కడే ఉన్నాడని నీ ఉత్తరం చూశాక మళ్ళీ రాశాను. తప్పేముంది? పాటలో ఉన్నదే కదా.

యూనివర్సిటీ నుంచి ఇద్దరిని టేపు మిషన్‌తో పంపిస్తున్నారట. ఇంటికొస్తే కాఫీ ఇవ్వు. నువ్వు ఇవ్వవని నాకు తెలుసు, అయినా రాస్తున్నాను.

వెర్డీ

*

బార్లో ఫోర్క్
నవంబరు 30

వెర్డీ,

కాఫీ ఇచ్చాను. ఇద్దరూ కళ్ళజోళ్ళ వాళ్ళే. మంచివాళ్ళు. మొక్కజొన్న రొట్టెని ఫొటో తీశారు. నా గొంతు బాగా లేదని చెప్పాను. ఎప్పటికి బాగుపడుతుందని అడిగారు. చెప్పలేనన్నాను.

నా దగ్గర్నుంచి ఫారిస్ కొట్టుకి వెళ్ళారు. టాల్బర్ట్ అక్కడే ఉన్నాడు, ఉప్పు కొంటున్నాడు. మిగతాది ఫారిస్ చెప్పింది.

వాళ్ళు అతని పేరు విని, చాలా మర్యాదగా, "ఏమనుకోకండి, ఆ పాటలో హంతకుడికి మీరేమైనా చుట్టమా?" అని అడిగారట.

"దగ్గరి చుట్టాన్నే" అన్నాడట టాల్బర్ట్.

వాళ్ళకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆ తరవాత, "మీరేమైనా చెబుతారా?" అని మైకు ముందుకి పెట్టారు.

"చెబుతాను. ఈ ఏడు తేనె తక్కువ" అని ఉప్పు పట్టుకుని వెళ్ళిపోయాడు. అది వాళ్ళు టేపు మీద పట్టుకున్నారు.

నవ్వు వస్తే నవ్వుకో. నాకూ మొదట వచ్చింది. కానీ ఆ వారం కౌంటీ పేపర్లో మొదటి పేజీలో వేశారు. దేశమంతా వింటున్న పాటలో హంతకుడు మన మధ్యే ఉన్నాడని. పాతికేళ్ళలో జనం సగం మరిచిపోయారు వెర్డీ. చిన్నవాళ్ళకైతే అసలు తెలియదు. ఇప్పుడు అందరికీ తెలిసింది. ఆదివారం మేమంతా చర్చిలో ఉండగా ఎవరో వెళ్ళి అతని తేనె పెట్టెలు పద్నాలుగూ తన్ని పడేశారు. గడ్డకట్టే చలి. ఈగలు కుప్పలు కుప్పలుగా చచ్చిపోయాయి. టాల్బర్ట్ వాటిని పార పెట్టి ఎత్తుతుంటే హోబర్ట్ వెళ్ళి సాయం చేస్తానన్నాడు. వద్దన్నాడట. తూము కట్టడం రాని పిల్లలు కట్టిన తూములా ఉంది నా మనసు ఈ పది రోజులుగా, ఎక్కడ పట్టుకున్నా కారుతోంది.

ఒకటి అడుగుతాను. ఆ హోటల్లో చివరి చరణం రాసి నీ చేతికిచ్చినప్పుడు, "ఇది నిజమేనా అక్కా?" అన్నావు. "పాడు" అన్నాను. పాడావు. ఆ తరవాత ఎప్పుడూ మళ్ళీ ఎందుకు అడగలేదు?

ఓర్లీనా

*

యాక్రన్
డిసెంబరు 12

అక్కా,

నాలుగు సార్లు రాసి చించాను. ఇది ఐదోది. ఇది చించను, కాగితాలు అయిపోయాయి.

అడగలేదు, ఎందుకంటే అది నిజం కావాలని నాకుంది.

ఆ రోజు వానలో నేను మన దొడ్డి గేటు దగ్గర నిలబడి ఉన్నాను. నాకు పదిహేనేళ్ళు. ఓనా అవతలి గట్టు దారిన వచ్చింది, వంతెన మొదట్లో ఆగి, "టాల్బర్ట్‌ని చూశావా వెర్డీ?" అని కేకేసింది. శాలువా తలమీద కప్పుకుని, ఏదో పెద్ద ఘనకార్యం మీద వచ్చినట్టు నవ్వుతూ ఉంది. నాకు ఒళ్ళు మండింది. అప్పటికి ఏడాదిగా టాల్బర్ట్ నీకోసం వస్తున్నాడనే కదా మనమంతా అనుకున్నది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి పట్టుకుని ఊరంతా తిరుగుతున్నాడు.

"ఎందుకు చూడలేదు? మా అక్కతో గాదెలో ఉన్నాడు. తలుపు వేసుకున్నారు. వచ్చి చూసుకో!" అన్నాను.

తలుపు వేసి ఉందో తీసి ఉందో నాకు తెలియదు. టాల్బర్ట్ కంచరగాడిద మన చెట్టుకి కట్టి ఉండటం చూశాను, అంతే. ఆమె నవ్వు ఆగిపోయింది. నేను ఇంట్లోకి పోయి అమ్మకి ఎండు చిక్కుడు కాయలు ఒలిచి పెట్టాను. వెనక్కి తిరిగి చూడలేదు. నీళ్ళు అప్పటికే వంతెన పలకల్ని తాకుతున్నాయి. అది మాత్రం చూశాను.

రెండు రోజుల తరవాత మిల్లు దగ్గర ఆమె దొరికింది. నేను ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ళు ఆ మాట మింగుకుని తిరిగాను. అప్పుడు హోటల్లో నువ్వు ఆ చరణం నా చేతిలో పెట్టావు. టాల్బర్ట్ తోశాడని. అంటే వాళ్ళిద్దరూ వంతెన మీద కలిసి ఉంటారు, పోట్లాడుకుని ఉంటారు, అతనే చేసి ఉంటాడు. అక్కకి తెలిసే రాసింది. అంటే నేను కాదు. అందుకే అంత గట్టిగా పాడాను. లైబ్రరీలో ఆవిడ కళ్ళు తుడుచుకున్నది నా గొంతుకే.

ఇప్పుడు అడుగుతున్నాను. నీకు ఏం తెలుసు?

వెర్డీ

*

బార్లో ఫోర్క్
1954 జనవరి 17

వెర్డీ,

మంచు వల్ల పోస్టు బండి రాలేదు. అది ఒక కారణం. రెండో కారణం నేను.

తలుపు తీసే ఉంది.

టాల్బర్ట్ ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చాడు. నేను గాదెలో కంకులు ఒలుస్తున్నాను. మొహం మీదే చెప్పాలని వచ్చానన్నాడు. ఓనాని చేసుకుంటున్నానన్నాడు. నాకు కోపం వస్తుందని అతను ఎదురు చూశాడు. నేను, "సరే, కూర్చో, నువ్వూ ఒలు" అన్నాను. రెండు గంటలు కూర్చుని ఒలిచాడు. వానకి బయటికి పోలేక కాదు. నన్ను అలా వదిలి పోవడం బాగుండదనుకున్నాడు. కేకలు వినపడి ఇద్దరం గుమ్మంలోకి వచ్చేసరికి వంతెన మధ్యలో పలకలు లేవు. ఓనా మా కోసం వస్తోందని మాకు తెలియదు. నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియనే తెలియదు. ఆ వరదలో ఆ వంతెన ఎందుకెక్కిందా అని ఇరవై ఏడేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను.

షెరీఫ్ వచ్చి ఆ వేళప్పుడు ఎక్కడున్నావని టాల్బర్ట్‌ని అడిగాడు. ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నానన్నాడు. నాన్న సంగతి నీకు తెలుసు కదా. చర్చి సంఘపెద్ద కూతురు రెండు గంటలు ఒక మగవాడితో గాదెలో ఉందంటే నన్ను ఇంట్లో ఉండనిచ్చేవాడు కాదు. అందుకని టాల్బర్ట్ ఆ మాట అనలేదు. తరవాతా అనలేదు. పక్కన నేనున్నానని అతను ఒక్క మాట అంటే అయిపోయేది.

అతను అలా మంచిగా ఉండటం నాకు ఇంకా కోపం తెప్పించింది. ఇది ఎవరికీ అర్థం కాదు. నాకే సరిగ్గా కాదు.

పాటలో అతని పేరు మొదట లేదు. వరద ఉంది, వంతెన ఉంది, ఓనా ఉంది. హోటల్లో ఆ కంపెనీ ఆయన విని, "బాగుంది, కానీ ఎవరు చేశారు? ఇలాంటి పాటల్లో ఎవరో ఒకరు చేస్తారు. అప్పుడే అమ్ముడుపోతుంది" అన్నాడు. పది నిమిషాలు టైమిచ్చాడు. నాకు నాలుగే పట్టింది.

నీకు తెలిసింది సగం, నాకు తెలిసింది సగం. రెండూ కలిపితే అక్కడ హత్యే లేదు.

ఓర్లీనా

*

యాక్రన్
జనవరి 26

అక్కా,

నీ ఉత్తరం క్యాంటీన్‌లో చదివాను. సూప్ మాడిపోయింది. మూడువందల మంది మాడిన సూపే తాగారు, ఎవరూ ఏమీ అనలేదు. అది వాళ్ళకి రోజూ వచ్చే సూప్ లాగే ఉందో, నా మొహం చూసి ఊరుకున్నారో తెలియదు.

రెండు కాగితాలు రాశాను. ఓనాని వంతెన ఎక్కించిన మాట నాదేనని రాసి సంతకం చేశాను. ఒకటి దీనితో పెట్టాను, సంఘంలో చదివించు. రెండోది నా దగ్గరుంది, నువ్వూ ఒక కాగితం రాసి పంపితే రెండూ కలిపి క్రెస్‌కి పంపుతాను.

నేను ఇంకో మాట ఆలోచించాను. టాల్బర్ట్ మన దొడ్లో ఉన్నాడని నేను చూశానంటే చాలదా? నీతో ఉన్నాడని అనక్కరలేదు. కంచరగాడిద చెట్టుకి కట్టి ఉందనీ, అతను పాకలో వాన తగ్గేదాకా నిలబడ్డాడనీ రాస్తాను. నువ్వు ఇంకా ఆ సంఘంలోనే బతకాలి. నేనంటే యాక్రన్‌లో ఉన్నాను, ఇక్కడ మనుషులకి నా ఇంటిపేరే తెలియదు. బావకి తెలుసా ఇదంతా?

వెర్డీ

*

బార్లో ఫోర్క్
మార్చి 8

వెర్డీ,

అబద్ధానికి చెక్కలు కొట్టి నిలబెట్టడం ఇక వద్దు. ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

ముందు హోబర్ట్‌కి చెప్పాను. గనినుంచి వచ్చి, స్నానం చేసి, బల్ల దగ్గర కూర్చున్నాక నీ ఉత్తరాలు రెండూ, నేను రాసిన కాగితమూ చేతికిచ్చాను. రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు.

"నాలుగు నిమిషాల్లో రాశావా?" అన్నాడు.

"అవును."

"పెళ్ళిలో నాకు ప్రమాణం చెప్పడానికి ఇంకా ఎక్కువ సేపు పట్టింది నీకు" అని, బీన్స్ ఇంకా ఉన్నాయా అని అడిగాడు. వడ్డించాను. తిన్నాక, "ఆ రికార్డు మీద నేను చూసే కూర్చున్నాను ఓర్లీనా. అది పెట్టినప్పుడల్లా నీ మొహం బాగుండేది కాదు" అన్నాడు. ఇరవై నాలుగేళ్ళు కాపురం చేశాను, ఈ మనిషి ఇంత మాట అంటాడని నాకు తెలియదు.

మొన్న మొదటి శనివారం సంఘం కూడింది. ప్రార్థన అయ్యాక సంఘపెద్ద బ్రదర్ ఎలైహు, "ఎవరికైనా ఎవరి మీదైనా ఏమైనా ఉందా?" అని ఎప్పుడూ అడిగేదే అడిగాడు. ఎప్పుడూ ఎవరూ ఏమీ అనరు. నేను లేచాను.

"నా మీద నాకే ఉంది" అన్నాను.

గాదె సంగతి చెప్పాను, రెండు గంటలూ చెప్పాను, షెరీఫ్ సంగతీ, హోటల్ సంగతీ చెప్పాను. నీ కాగితం చదివాను. నీ చేతిరాత రెండు చోట్ల అర్థం కాలేదు, ఆగి చదివాను. అంతసేపూ ఎవరూ దగ్గలేదు. హోబర్ట్ కూడా.

ఓనా వాళ్ళమ్మ మార్తీ ముందు బల్ల మీద కూర్చుంది. ఆవిడకి ఎనభై రెండు. నేను ముగించాక చేతికర్ర మీద గడ్డం ఆనించి, "అయితే ఇప్పుడు నేనెవర్ని తిట్టుకోవాలి?" అంది.

"నన్ను" అన్నాను.

"నిన్నా? నిన్ను కొత్తగా మొదలుపెట్టాలి. నాకంత టైము లేదు" అంది.

కర్ర పట్టుకుని లేచింది. బయటికి పోతుందనుకున్నాం, దారిచ్చాం. తలుపు దగ్గర ఆగింది. టాల్బర్ట్ తల దించుకుని కూర్చున్నాడు. కర్రతో అతని బూటు మీద కొట్టింది.

"జరగవయ్యా" అంది.

ఆరుగురు పట్టే బల్ల, ఐదుగురి చోటు ఖాళీ. అయినా జరిగాడు. ఆవిడ పక్కన కూర్చుంది. పాట బ్రదర్ ఎలైహు ఎత్తుకోవాల్సింది, ఇంకెవరో ఎత్తుకున్నారు.

నా సభ్యత్వం ఆరు నెలలు ఆపారు. ఎక్కువ వేస్తారనుకున్నాను. వెనకాల కూర్చోమన్నారు. వెనకాల ఖాళీ ఉన్నది టాల్బర్ట్ బల్ల మీదే.

బయట మెట్ల దగ్గర అతను నన్ను దాటి పోతూ ఆగాడు. నేను ఏమేమో అనాలని కూడబెట్టుకున్నాను. అతనే అన్నాడు. "పాతికేళ్ళుగా నా గొడ్డలి ఒక్కడూ అరువడగలేదు ఓర్లీనా. చాలా సుఖంగా ఉండేది."

నా కాగితం దీనితో ఉంది. సంతకం కింద హోబర్ట్ కూడా పెట్టాడు, ఎందుకో నేను అడగలేదు.

ఓర్లీనా

*

యాక్రన్
ఏప్రిల్ 20

ప్రియమైన అక్కకు,

క్రెస్ జవాబు వచ్చింది. ఈసారి ఒకటే పేజీ. రికార్డులో ఉన్న పాటని మార్చలేనన్నారు. ఒకసారి రికార్డు అచ్చు తీసే మైనంలోకి దిగిన గొంతుని ఎవరూ బయటికి తీయలేరట. కానీ రెండో ముద్రణ పుస్తకంలో మన ఇద్దరి కాగితాలూ పూర్తిగా వేస్తారు. పైన ఆయన తన మాటగా, "ఈ పాట చివరి చరణం అబద్ధం. పాడినవారే చెప్పారు. వెనకటి ముద్రణలో నేను రాసిన ఊహలన్నీ తప్పు" అని వేస్తున్నారు. కౌంటీ పేపరుకి కూడా ఆయనే రాశారు. వాళ్ళు ఆరో పేజీలో వేశారని ఫారిస్ రాసింది.

మొన్న గురువారం లైబ్రరీకి వెళ్ళాను. మిస్ ఎల్స్‌వర్త్ మళ్ళీ మన రికార్డు పెట్టబోతుంటే చెయ్యెత్తి, పాట ముందు నేను రెండు మాటలు చెప్పాలన్నాను. ఈసారి నిశ్శబ్దంగా ఉండమనలేదు. చెప్పాను. అయ్యాక, పోయినసారి ఏడ్చినావిడే, "అయితే అది ఉత్త ప్రమాదమా?" అంది. మోసపోయినట్టు చూసింది నా వంక. "అవునమ్మా, ఉత్త ప్రమాదమే, ఒక పిల్ల నోటి దురుసు వల్ల జరిగింది" అన్నాను. ఆవిడకి అది చాల్లేదు.

టాల్బర్ట్‌కి నేను వేరే ఉత్తరం రాశాను. జవాబు ఇవ్వక్కర్లేదని కూడా రాశాను. ఇవ్వలేదు. జూన్‌లో సెలవు దొరికితే వస్తాను, మార్తీ దగ్గరికి నేను నా కాళ్ళ మీద వెళ్ళాలి.

వెర్డీ

*

బార్లో ఫోర్క్
మే 23

వెర్డీ,

జూన్‌లో రా. ఈస్ట్ రొట్టె తినడం అలవాటైతే తెచ్చుకో, నేను చెయ్యను.

నిన్న మధ్యాహ్నం టాల్బర్ట్ మా ఇంటికి వచ్చాడు. ఈ గుమ్మం ఎప్పుడూ ఎక్కలేదు. హోబర్ట్ కుర్చీ వేశాడు. కూర్చుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని, మామూలు మాటలన్నీ మాట్లాడాడు. మార్తీ మనవళ్ళు రెండు తేనె పెట్టెలు చేసి ఇచ్చారట, మూలలు కుదరలేదట, అయినా ఈగలు చేరాయట. ఆ పెట్టెలు ఎందుకిచ్చారో అతను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. తరవాత టోపీ తీసి కుర్చీ పక్కన పెట్టాడు.

"ఓర్లీనా, ఆ పాట నాకోసారి పాడు" అన్నాడు.

"ఏ పాట?" అన్నాను. ఏ పాటో నాకు తెలుసు.

"నేనెప్పుడూ వినలేదు. నేను వస్తే కొట్లో మిషన్ ఆపేసేవాళ్ళు. వాకిట్లో పాడుతుంటే మానేసేవాళ్ళు. న్యూయార్క్‌లో విన్నారు, మీ చెల్లెలు వాళ్ళ ఊళ్ళో విన్నారు. అందరూ విన్నారు, నేను తప్ప" అన్నాడు.

నేను హోబర్ట్ వంక చూశాను. హోబర్ట్ లేచి వెళ్ళి మేడమీద నుంచి బాంజో తెచ్చాడు. తీగలు మూడే ఉన్నాయి. శ్రుతి పెట్టాను. ఇరవై ఏళ్ళ తరవాత నోరు తెరిచాను, వచ్చిన గొంతు వచ్చింది. నీ వరస ఎవరూ పాడలేదు. నువ్వు అందుకునే చోటల్లా ఆగి, ఖాళీ వదిలి పాడాను.

టాల్బర్ట్ ఎడమ చెవి నావైపు తిప్పుకుని విన్నాడు. చివరి చరణం కూడా పాడాను. వదలొద్దన్నాడు. అతని పేరు, చెయ్యి చాచడం, నీళ్ళలోకి తోయడం, ఇంటికి నడిచిపోవడం, అన్నీ అతని మొహం మీదే పాడాను. జీవితంలో అంత కష్టమైన పని చెయ్యలేదు.

అయ్యాక ఏమంటాడోనని చూశాను.

"ఓనా పేరు తొమ్మిదిసార్లు వచ్చింది" అన్నాడు.

అప్పుడు నాకు తెలిసింది వెర్డీ. ఆ పేరు అతను ఇన్నేళ్ళూ ఎవరి ముందూ అనలేదు. హంతకుడు ఆ పేరు ఎలా అంటాడు? చనిపోయిన పిల్ల కోసం ఊరంతా ఏడ్చింది, అతను మాత్రం ఏడవడానికి వీల్లేకుండా చేశాను. నాకు తెలిసిన తప్పు ఒకటి. ఇది వేరే.

కొంచెం సేపటికి, "మళ్ళీ పాడు. ఈసారి చివరిది వద్దు. దానికి ముందే ఆపెయ్" అన్నాడు.

పాడాను. వాన మొదలైన దగ్గర్నుంచీ, నీళ్ళు పెరగడం, తాళ్ళ వంతెన ఊగడం, ఆమె శాలువా కప్పుకుని రావడం. ఇక్కడికొచ్చి ఆగాను:

నడి వంతెనపై ఓనా నిలిచె, శాలువా గాలికి ఎగిరె,
ఆవలి గట్టున ఎవరున్నారని చెయ్యడ్డు పెట్టి చూసె.

బాంజో మీద చెయ్యి వేసి తీగల్ని ఆపాను. టాల్బర్ట్ అలాగే కూర్చున్నాడు, కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా. హోబర్ట్ వాకిలి వైపు తిరిగి కూర్చున్నాడు. పాట అక్కడ ఆపితే ఓనా ఇంకా వంతెన మీదే నిలబడి ఉంటుంది.

ఓర్లీనా